పన్నును పథ్యమును

పొగాకుపై పన్ను వేయుట న్యాయమని నేడు వాదింప నక్కరలేదు. అట్లే మితిమీరిన చక్కెరపైనను కొవ్వుపైనను ఏల వేయరాదని కొందఱు వైద్యు లడుగుచున్నారు. వేయవచ్చుననియే నా యభిప్రాయము. కాని యెట్లు వేయవలెనో చరిత్ర నడిగి తెలిసికొనుట మంచిది.

ఇంగ్లండు రాజగు మొదటి జేమ్సు 1604 లో పొగాకును నిందించుచు స్వయముగా నొక చిన్న గ్రంథము వ్రాసెను. ఆ యేడే పౌనుకు రెండు పెన్నీలుగా నున్న సుంకమును ఆఱు షిల్లింగుల పది పెన్నీలకు పెంచెను; అనగా నలుబది యొక్క రెట్లు! దొంగసరకు రేవులలో దిగసాగెను. కొన్ని యేండ్లకే సుంకమును తగ్గింపవలసి వచ్చెను. పిమ్మట వర్జీనియాలో పొగాకు తోటలు లేచినవి. 1624 లో జేమ్సు ఆ వ్యాపారమును రాజగుత్త చేసికొనెను. తాను తిట్టిన యాకుతోనే తన బొక్కసము నింపుకొనెనన్నమాట. ప్రభువు ఒక్కసారి ఆ రాబడి రుచి మరగెనా, ప్రజలు దురలవాటు మానుట యాతనికే నష్టమగును.

ఆహారము సంగతి యింకను చిక్కైనది. పొగాకు మానినవాడు బ్రదుకును. అన్నము మానినవాడు బ్రదుకడు. 1930 లో ఉప్పుపన్నుపై మన దేశము లేచి నిలిచినది ఇందుకే గదా! కూలివాడును జమీందారును ఇంచుమించు ఒకే పాటి ఉప్పు తిందురు. పన్ను సమానము, భారము సమానము కాదు.

డెన్మార్కు ప్రభుత్వము 2011 అక్టోబరు 1 నుండి కొవ్వుపై పన్ను విధించెను. గడ్డకట్టు జాతి కొవ్వు, అనగా సంతృప్తపు కొవ్వు, నూటికి 2.3 పాళ్లకు మించిన పదార్థములలో ఆ కొవ్వు కిలోకు 16 క్రోనర్లు చెల్లింపవలెను. వెన్న, మీగడ, మాంసము, నూనె అన్నియు అందులో చిక్కెను. జనులు సరిహద్దు దాటి జర్మనీలో వెన్న కొని తెచ్చుకొనిరి. వర్తకులు లెక్కల బరువు మోయలేమని మొఱపెట్టిరి. 2012 నవంబరులో రద్దు నిశ్చయమై, 2013 జనవరి 1 నాటికి పన్ను తొలగెను. పదునైదు నెలల యాయువు! జేమ్సు కాలపు దొంగసరకుకును ఈ పొరుగూరి వెన్నకును చుట్టఱికము కలదు. అదిగాక, కొవ్వు తీసివేసినచో వెన్నయే మిగులదు. తయారుచేయువాడు చేయగలిగినది స్వల్పము.

చక్కెర పానీయము మాట వేఱు. బ్రిటను ఈ భేదమును గుర్తించెను. 2016 మార్చిలో పన్నును ప్రకటించి, రెండేండ్ల గడువిచ్చి, 2018 ఏప్రిలు 6 న అమలుపఱచెను. నూఱు మిల్లీలీటర్లలో 5 గ్రాముల లోపు చక్కెర యున్నచో పన్ను లేదు. 5 గ్రాములు మొదలు 8 గ్రాముల లోపైన 2018 లో లీటరుకు 18 పెన్నీలుగా నుండెను. 8 గ్రాములును అంతకు మించినను నాడు 24 పెన్నీలుగా నుండెను. చెల్లించువాడు తయారుచేయువాడు, లేదా దిగుమతి చేయువాడు. గడువు తీరకముందే పెక్కు కంపెనీలు తమ పానీయములలో చక్కెర తగ్గించినవి. రాబడి తగ్గుటయే ఇట్టి పన్నుకు జయము. బొక్కసపు అధికారికి ఈ మాట రుచింపదు.

మన దేశమునకు వత్తము. 2016 లో కేరళ ప్రభుత్వము బ్రాండు పేరుగల భోజనశాలలలో అమ్ము బర్గరు, పిజ్జా మొదలగువానిపై నూటికి 14.5 వంతున పన్ను వేసెను. వీథి మూలనున్న నూనెబాండీ జోలికి పోలేదు; పరాయిదానినే శిక్షించుట యెట్టి పథ్యమో! 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చి దానిని తనలో కలుపుకొనెను. 2025 సెప్టెంబరు 22 నుండి బుడగల పానీయములపై జి.ఎస్.టి. నూటికి 40 అయినది. ఆ దినమే బిస్కట్లకును చాక్లెట్లకును కారపు చిఱుతిండ్లకును నూటికి 5 కి దిగినది.

ఈ పట్టికను మా తరగతిలో నల్లబల్లపై వ్రాసితిని. వెనుక బల్లనుండి యొక పిల్లవాడు లేచి, "చక్కెర బదులు వేఱు తీపి వేసిన బుడగల పానీయమునకు ఎంతండీ?" అని యడిగెను. దానికిని నలుబదియే యని చెప్పితిని. "అట్లయిన కంపెనీవాడు చక్కెర ఎందుకు తగ్గించునండీ?" అనెను. గంట మ్రోగినది గాని, వాడు కూర్చుండలేదు.