పంచితే ప్రచారం.. పారేస్తే నష్టం

* ఐటీ కారిడార్‌లో చిరు వ్యాపారులకు కరపత్రమే దన్ను
* కూలీల ఎంపిక, వేతనం, పర్యవేక్షణలో ముందుచూపు అవసరం
* బాలలతో పంచిస్తే జైలు శిక్షకు ఆస్కారం

మాదాపూర్: అద్దాల మేడల్లో కోట్ల రూపాయల వ్యాపారం కంప్యూటర్ తెరలపై సాగిపోయే హైటెక్ సిటీలో, అదే వీధి మలుపున తెరిచిన కర్రీ పాయింట్‌కు గిరాకీ రావాలంటే మాత్రం నేటికీ ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి ఓ కాగితం వెళ్లాల్సిందే. హాస్టళ్లు, మెస్‌లు, టిఫిన్ సెంటర్లు, ట్యూషన్లు, కుట్టు దుకాణాలు, ఏసీ మరమ్మతు కేంద్రాలు వంటి వాటికి కరపత్రమే తొలి పలకరింపు. అయితే వేల రూపాయలు పోసి అచ్చు వేయించిన కట్టలు ఇళ్లకు చేరకుండా మురుగు కాల్వ పాలైతే నష్టపోయేది యజమాని. పొద్దంతా ఎండలో తిరిగి పంచినా సాయంత్రానికి కూలి చేతికందకపోతే నష్టపోయేది కూలీ. పని అప్పగించే ముందే అన్నీ స్పష్టంగా మాట్లాడుకోకపోవడమే ఈ రెండు నష్టాలకూ ప్రధాన కారణమవుతోంది. కరపత్రాల పంపిణీకి మనుషులను కుదుర్చుకోదలచిన చిరు వ్యాపారులు తెలుసుకోవాల్సిన అంశాలివి.

దండోరా నుంచి మెట్రో మెట్ల దాకా..

పల్లెల్లో ఒకప్పుడు కబురు చెప్పాలంటే దండోరా వేసేవారు. సినిమా మారితే మైకు కట్టిన రిక్షాపై నుంచి రంగు కాగితాలు వెదజల్లుతుంటే పిల్లలు వెంటపడి ఏరుకునేవారు. నగరంలో ఆ సంప్రదాయానికి కొత్త రూపునిచ్చింది అమీర్‌పేట. మైత్రీవనం పరిసరాల్లోని సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాల వారు కొత్త బ్యాచ్‌ల వివరాలతో కూడిన కరపత్రాలను బాటసారుల చేతుల్లో పెట్టడం అక్కడ నిత్యకృత్యంగా మారింది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి గ్రామాల రూపురేఖలు మారిపోయాయి. ఉద్యోగుల వెంట హాస్టళ్లు, హాస్టళ్ల వెంట మెస్‌లు, వాటి వెంట కరపత్రాలు వచ్చాయి. 2019 మార్చి 20న అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరు 29న రాయదుర్గానికి మెట్రో రైలు చేరడంతో స్టేషన్ల మెట్ల కింది కాలిబాటలు పంపిణీదారులకు కొత్త అడ్డాలయ్యాయి. 2020 మార్చిలో కొవిడ్ లాక్‌డౌన్‌తో ఉద్యోగులు సొంతూళ్లకు తరలిపోగా హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. కార్యాలయాలు తిరిగి తెరుచుకున్నాక కొత్తగా మొదలుపెట్టిన వ్యాపారులు మళ్లీ కరపత్రాన్నే ఆశ్రయించారు.

మార్గాలు మూడు

కరపత్రాలు పంచేందుకు ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది దినపత్రికల్లో పెట్టించడం. తెల్లవారుజామున పత్రికల కట్టలు దిగే కేంద్రం వద్ద ఏజెంటుతో మాట్లాడుకుంటే, వేయి కాగితాలకు ఇంత అని తీసుకుని పత్రికల మధ్య పెట్టిస్తారు. కుటుంబాలు నివసించే కాలనీలకు ఇది అనువైనది. హాస్టళ్లలో ఉండే యువత పత్రిక వేయించుకోవడం అరుదు గనుక అయ్యప్ప సొసైటీ, సిద్ధిఖ్ నగర్ వంటి చోట్ల దీని ప్రయోజనం తక్కువ.

రెండోది పంపిణీ ఏజెన్సీకి అప్పగించడం. మనుషులను వెతుక్కునే శ్రమ తప్పుతుంది గానీ ఎవరు పంచారో, ఎక్కడ పంచారో యజమానికి తెలియదు. మూడోది నేరుగా మనుషులను కుదుర్చుకోవడం. చదువుకుంటూ ఖాళీ వేళల్లో పనిచేసే డిగ్రీ విద్యార్థులు, సమీప బస్తీల మహిళలు, అడ్డా కూలీలు ఈ పనికి వస్తుంటారు. ఆ వీధుల్లో నివసించేవారినే ఎంచుకుంటే దారి చెప్పాల్సిన అవసరం ఉండదు. ఏ అపార్ట్‌మెంటు కాపలాదారు లోపలికి రానిస్తాడో కూడా వారికి తెలిసి ఉంటుంది.

ఇవి కాక, చిరునామా లేని ప్రచార పత్రాలను ఎంచుకున్న ప్రాంతంలో పోస్ట్‌మన్ ద్వారా అందజేసేలా తపాలా శాఖ ‘డైరెక్ట్ పోస్ట్’ పథకాన్ని ప్రవేశపెట్టింది. మాదాపూర్ (500081), గచ్చిబౌలి (500032), కొండాపూర్ (500084) పిన్‌కోడ్‌ల పరిధిలోని వ్యాపారులు ఈ సేవ లభ్యతను, రుసుమును తమ పోస్టాఫీసులో విచారించుకోవచ్చు.

ముందు లెక్క.. తర్వాతే ముద్రణ

పోటీదారు పదివేలు వేయించాడని తామూ పదివేలు వేయించడం చాలామంది చేసే పొరపాటు. ముందుగా యజమాని స్వయంగా ఒక వీధిలో గంటసేపు పంచి చూసుకోవాలి. ఆ గంటలో ఎన్ని గడపలు తిరగగలిగారన్నదే అసలైన కొలమానం. ఉదాహరణకు గంటకు వంద గడపలు తిరగగలిగితే ఆరు గంటల్లో ఒక మనిషి 600 కాగితాలు పంచగలడు. మూడు వేల కాగితాలకు ఐదుగురి రోజు పని అవసరమవుతుంది.

ముద్రణకు రూ.3,000, కూలి మనిషికి రూ.700 చొప్పున రూ.3,500, టీ, ప్రయాణ ఖర్చులు రూ.500 అనుకుంటే మొత్తం ఖర్చు రూ.7,000. ఒక్కో భోజనంపై రూ.35 మిగిలే మెస్ యజమానికి ఈ ఖర్చు తిరిగి రావాలంటే 200 భోజనాలు అదనంగా అమ్ముడుపోవాలి. అంటే ప్రతి 15 కాగితాలకు ఒక భోజనం. వినడానికి ఇది కష్టంగా తోచినా, వచ్చిన వ్యక్తి నెలలో 20 సార్లు తింటే పదిమంది ఖాతాదారులు దొరికినా చాలు. అప్పుడు 300 కాగితాలకు ఒక్కరు వస్తే సరిపోతుంది. ఈ అంకెలు లెక్క తీరు తెలిపేందుకే తప్ప ధరల పట్టిక కాదు. ఎవరి ధరలు వారు వేసుకుని చూడాలి. మళ్లీ మళ్లీ వచ్చే ఖాతాదారులపై ఆధారపడే మెస్, హాస్టల్, ట్యూషన్ వంటి వాటికి కరపత్రం గిట్టుబాటు అవుతుంది. ఒక్కసారి కొని మళ్లీ రాని సరుకుకు, అందులోనూ లాభం స్వల్పమైనప్పుడు గిట్టుబాటు కావడం కష్టం.

కట్ట బరువూ చూడాలి

ఏ4 కాగితంలో సగముండే ఏ5 పరిమాణం ఎక్కువమందికి అనుకూలం. 70 జీఎస్ఎం కాగితంపై ముద్రిస్తే వేయి కరపత్రాలు దాదాపు 2.2 కిలోలు తూగుతాయి. అదే 130 జీఎస్ఎం నున్నటి కాగితమైతే దాదాపు 4 కిలోలు. లిఫ్టు లేని నాలుగంతస్తుల హాస్టళ్ల మెట్లెక్కే మనిషి భుజాన మూడు వేలు వేలాడదీస్తే మధ్యాహ్నానికి భారం దించుకునే దారి వెతకక తప్పదు. పూటకు 300 చొప్పున ఇచ్చి, అవి అయ్యాక మిగతావి అందజేయడం మేలు. భుజానికి తగిలించుకునే సంచి, తాగునీరు, ఎండాకాలంలో టోపీ యజమానే సమకూర్చాలి.

కాగితంపై భాష సైతం ముఖ్యమే. కుటుంబాలకు తెలుగు, ఐటీ ఉద్యోగులకు ఇంగ్లిష్, ఉత్తరాది నుంచి వలస వచ్చిన వారికి హిందీ ఉపయోగపడతాయి. పంచేవారు ఆ భాష చదవలేనివారైతే అందులోని ధర, చిరునామా, ఫోన్ నంబరు నోటితో చెప్పగలిగేలా ముందే వివరించాలి. కాగితం తీసుకున్న పదిమందిలో ఒక్కరైనా ‘ఎక్కడ?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబిస్తేనే కాగితం జేబులోకి వెళుతుంది. లేదంటే చెత్తబుట్టే గతి.

కూలి నిర్ణయంలోనే కిటుకు

వేయి కాగితాలకు ఇంత అని మాట్లాడుకుంటే, ఇంటింటికీ తిరిగినవారికీ, కట్టను గోడ చాటున పడేసినవారికీ ఒకే కూలి దక్కుతుంది. పైగా త్వరగా పడేసినవారికే లాభం. అందువల్ల రోజుకూలి నిర్ణయించి, వీధుల పేర్లు రాసిన చీటీ ఇచ్చి, మిగిలిన కాగితాలను తిరిగి తెచ్చినా కూలి కోయబోమని ముందే చెప్పడం ఉత్తమం. మిగిలినవి తెస్తే కూలి తగ్గుతుందన్న భయమే కాగితాలను కాల్వల పాలు చేస్తుంది.

వేతనాల కోడ్-2019 దేశవ్యాప్తంగా 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం రోజుకూలీలకు ఆ రోజు పని ముగియగానే వేతనం చెల్లించాలి. ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గించి ఇవ్వరాదు. ఒకే పనికి మహిళలకు తక్కువ, పురుషులకు ఎక్కువ ఇవ్వడం కూడా నిషిద్ధం. ఏజెన్సీకి అప్పగించినా కూలీలకు డబ్బు అందిందో లేదో యజమాని ఆరా తీయాలి. ‘సేటు ఇంకా ఇవ్వలేదు’ అన్న మాట మధ్యవర్తి నోట వచ్చిందంటే చెడ్డపేరు వచ్చేది కాగితంపై పేరున్న దుకాణానికే.

నిఘా కాదు.. నిర్ధారణ

పంపిణీ సక్రమంగా జరిగిందో లేదో తెలుసుకునేందుకు సులువైన పద్ధతులున్నాయి. ఒక్కో ప్రాంతానికిచ్చే కట్టపై అ, ఆ, ఇ అని వేర్వేరు గుర్తులు ముద్రించి, కాగితం తెచ్చినవారికి చిన్న తగ్గింపు ఇస్తే ఏ వీధి నుంచి ఎందరు వచ్చారో తేలిపోతుంది. క్యూఆర్ కోడ్ ముద్రించేవారు సైతం ప్రాంతానికొకటి వేయించుకోవచ్చు. సాయంత్రం వేళ యజమాని రెండు వీధులు తిరిగి, నాలుగు ఇళ్లలో కాగితం అందిందా అని అడిగితే మరింత స్పష్టత వస్తుంది. ఒక ప్రాంతం నుంచి ఎవరూ రానంత మాత్రాన పంచినవారిని దొంగలుగా చూడరాదు. అక్కడివారికి ఆ సరుకు అవసరం లేకపోయి ఉండవచ్చు. ముందుగా ఆ వీధిలో విచారించి, తర్వాతే మనిషిని ప్రశ్నించడం న్యాయం.

చట్టం ఏమంటోంది?

* బాల, కౌమార కార్మిక (నిషేధ, నియంత్రణ) చట్టం-1986కు 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు శిక్ష లేదా రూ.20 వేల నుంచి రూ.50 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సెలవుల్లో సరదాగా పంచుతున్నారన్న సాకు చెల్లదు. పిల్లలతో పనిచేయిస్తున్నట్లు గమనిస్తే 1098కు ఫోన్ చేయవచ్చు.

* బహిరంగ ప్రదేశాల వికృతీకరణ నిరోధానికి 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక చట్టం తెచ్చారు. చేతికిచ్చే కాగితం వేరు, గోడకు అంటించే కాగితం వేరు. అనుమతి లేకుండా గోడలు, కరెంటు స్తంభాలు, మెట్రో పిల్లర్లపై జిగురు పూసి అంటిస్తే చర్యలు తప్పవు. కాగితంపై ఉన్న ఫోన్ నంబరే ఆధారంగా మారుతుంది.

* ఎన్నికల కరపత్రాలకు నియమాలు వేరు. ప్రజాప్రాతినిధ్య చట్టం-1951లోని సెక్షన్ 127ఎ ప్రకారం ముద్రాపకుని, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు తప్పనిసరిగా ఉండాలి. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా రూ.2 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కుదుర్చుకున్న కూలీలు అదే రోజు ఇతరుల కాగితాలు కలిపి పంచకుండా ముందే చెప్పుకోవాలి.

ఎక్కడ.. ఎప్పుడు?

ఐటీ ప్రాంగణాల లోపలికి అనుమతి ఉండదు. గేటు బయట టీ బడ్డీల వద్ద, కాలిబాటపై నిలబడి పంచుకోవాలి. మెట్రో స్టేషన్ ఆవరణలోనూ అనుమతి లేనిదే పంచరాదు. హాస్టళ్ల వీధుల్లో సాయంత్రం, కుటుంబాలుండే కాలనీల్లో ఆదివారం ఉదయం అనుకూల వేళలు. బడులు తెరిచే జూన్ నెలకు ముందు ట్యూషన్ల వారు సిద్ధం కావాలి. గేటెడ్ కమ్యూనిటీల్లో నివాసుల సంఘం అనుమతి తీసుకుని నోటీసు బోర్డులో పెట్టించుకోవడం మర్యాద. ‘కరపత్రాలు వేయరాదు’ అని రాసి ఉన్న గడప వద్ద ఆగకుండా ముందుకు సాగాలి.

మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ వంటి రద్దీ కూడళ్లలో సిగ్నల్ పడగానే వాహనాల మధ్యకు మనుషులను పంపడం ప్రాణాలతో చెలగాటమే. పచ్చ దీపం వెలిగాక పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. వందమంది వాహనదారుల కంటే కాలిబాటపై నడిచే పదిమందే మేలు. కుదుర్చుకున్న మనిషికి దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలో, వైద్యం ఖర్చు ఎవరు భరించాలో కూడా పని మొదలుకాక ముందే తేల్చుకోవాలి.

దుకాణం తెరిచిన కొత్తలో ఊరికి ముందుగా కనిపించే ముఖం యజమానిది కాదు, కాగితం అందించే మనిషిది. ఆ మనిషి ఆకలితో, అలసటతో, కూలి అందుతుందో లేదోనన్న బెంగతో నిలబడితే అది కాగితం పుచ్చుకునేవారికీ తెలిసిపోతుంది. చెప్పిన కూలి చెప్పిన వేళకు చేతిలో పెట్టినవారికి మర్నాడు మనుషుల కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు.