మద్యపు దుకాణములు మూసిన దినములు

మహామారి గడచిన పిదప చరిత్రకారులు మృతుల సంఖ్యను వ్రాయుదురు. ఆ కాలమున ఆస్పత్రి గడప నెవరు త్రొక్కిరి, ఎవరు త్రొక్కలేదు అను సంగతిని వ్రాయుట యరుదు. 2020వ సంవత్సరపు కరోనా చరిత్రలో ఈ రెండవ లెక్కయే మనకు హెచ్చుగా బోధించునని మా యభిప్రాయము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ యేడు మార్చి 29 మొదలు ఏప్రిల్ 25 వఱకు అత్యవసర చికిత్సాశాలలకు వచ్చినవారు, క్రిందటి యేటి యవే దినములతో పోల్చగా, నూటికి 42 వంతులు తగ్గిరి. గుండెపోటుతో వచ్చువారు సైతము తగ్గిరి. ఐనను మాదకద్రవ్యములు మితిమీఱి ప్రాణాపాయస్థితిలో వచ్చినవారు మాత్రము, మార్చి నడుమనుండి అక్టోబరు వఱకు, పూర్వపు సంవత్సరముకంటె అధికముగానే యుండిరి.

మన హైదరాబాదున ఇట్టి సంకటమే మద్యము రూపమున కనబడెను. మార్చి 25న దేశమంతట నిర్బంధము అమలులోనికి వచ్చెను. మద్యపు దుకాణములు మూతపడెను. కొలది దినములలోనే ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకు త్రాగుడు హఠాత్తుగా ఆగిపోయినవారు పెద్దసంఖ్యలో రాజొచ్చిరి. చేతుల వణకు, నిద్రలేమి, మూర్ఛలు, లేనివారితో మాటలాడుట ఈ వ్యాధి లక్షణములు. చూచువారికి పిచ్చివలె తోచును గాని దీని కారణము వేఱు. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగువాని మెదడు మత్తునకు ఎదురొడ్డుట కలవాటు పడును. మత్తు చటుక్కున తొలగినచో ఆ యెదురుబలము పగ్గము లేక చెలరేగును. రెండు దినములలోపల మూర్ఛ రావచ్చును. ఆ పిమ్మట తీవ్రమైన చిత్తభ్రమ కలుగవచ్చును. చికిత్స లేనిచో ప్రాణమునకే ముప్పు. వేళకు వైద్యుడు నరములను శాంతపఱచు మందును, థయామిన్ అను విటమినును ఇచ్చినచో పెక్కురు కోలుకొందురు.

కేరళ ప్రభుత్వము మార్చి 30న, వైద్యుని చీటి గలవారికి మద్యము నిచ్చునట్లు ఉత్తరువు చేసెను. ఇది చికిత్స కాదని వైద్యసంఘములు ప్రతిఘటించెను. ఏప్రిల్ 2న హైకోర్టు దానిని నిలిపివేసెను. ఇటు ప్రకాశము జిల్లా కురిచేడులో జూలై చివర, దుకాణములు మూసియుండగా, చేతులకు రాచుకొను శానిటైజరును త్రాగి పదిమందికి పైగా మరణించిరి.

మద్యము కుటుంబములను కూల్చుననుటలో సందేహము లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై సాగించిన పోరాటము మనకు గర్వకారణము. ఆ యాశయమును మేము తక్కువ చేయుట లేదు. కాని దుకాణమునకు తాళము వేయుట సంస్కరణలో సగమే. తాళము వేయునాటికే సమీపపు టాస్పత్రిలో మంచమును, మందును, రోగిని నిందింపని వైద్యుని సిద్ధపఱచుట తక్కిన సగము. అది జరుగలేదనుటకు, మే 4న ఆంధ్రప్రదేశమునను, 6న తెలంగాణమునను దుకాణములు తెఱచినపుడు బారులు తీరిన జనమే సాక్ష్యము.

కనుక ఇంట త్రాగుడుకు లోనైనవాడు మానెదనని ముందునకు వచ్చినపుడు, ఒట్టు పెట్టించుకొని గదిలో నుంచి గడియ వేయుట క్షేమము కాదు. ఆ దినముననే వైద్యునియొద్దకు తోడ్కొని పోవలెను. అతని సంకల్పము నిలుచుటకు ముందుగా అతని ప్రాణము నిలువవలెను గదా!