నాడె చేతులు మారింది

ఢిల్లీ కొలువు మంచిదే. చేనేత, హస్తకళల ఎగుమతి సంస్థలో పుపుల్ జయకర్ దగ్గర పని. ఏ దేశం ఏ రంగు అడుగుతుందో, ఏ గుడ్డ అమ్ముడుపోక తిరిగొస్తుందో కనిపెట్టే చోటు. అయినా 1970లలో సురయ్యా హసన్ బోస్ హైదరాబాద్ వచ్చేశారు. రమ్మన్నది చిన్నాన్న ఆబిద్ హసన్ సఫ్రానీ. 1943లో నేతాజీ వెంట జలాంతర్గామిలో ప్రయాణించిన మనిషి ఆయనే. ఆవిడ పెళ్లాడింది కూడా నేతాజీ అన్న కొడుకునే.

రాయదుర్గంలో, హుస్సేన్ షా వలీ దర్గా దగ్గర మగ్గాలు పెట్టారు. ఆ చుట్టుపక్కల ఇప్పుడు అద్దాల మేడలే కనిపిస్తాయి. అప్పుడు బండరాళ్లు.

ఆ మగ్గాల మీద నేయాల్సింది హిమ్రూ అనే పువ్వుల గుడ్డ. అది నేర్చినవాళ్లు ముసలివాళ్లయ్యారు, కొడుకులు వేరే పనుల్లోకి పోయారు. పడుగు నూలు, పేక పట్టు. పువ్వు పడాల్సిన చోట అదనపు పేక పైకొస్తుంది, మిగతాచోట గుడ్డ వెనకాల వేలాడుతుంది. నమూనా కాగితం మీద ఉండదు, మగ్గానికి కట్టిన దారాల జాలాలో ఉంటుంది. ఒక్క దారం తప్పు లాగితే పువ్వు చెడుతుంది. రోజంతా నేసినా పెరిగేది కొన్ని అంగుళాలే.

ఆ మగ్గం మీద కూర్చునేది మగవాళ్లు. ఆడవాళ్లది కండెలు చుట్టే పని. సురయ్యా వితంతువులను పిలిచి మగ్గం అప్పగించారు.

ఊహించుకోండి: కండె తప్ప నాడె పట్టని చెయ్యి. వెనక పాత ఉస్తాదు. గుమ్మంలో తల్లి కొంగు వదలని పిల్ల. ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? దానికీ లెక్క ఉంది. మగ్గాలతో పాటు సఫ్రానీ పేరిట బడి కూడా పెట్టారు.

ఇదంతా దానధర్మం అనుకుంటే ఆవిడను తక్కువ చేసినట్టే. పోచంపల్లి వైపు ఇక్కత్, మచిలీపట్నం అద్దకం కలంకారీ, జంపఖానాలు బయటి మార్కెట్‌కు పంపారు. ఫ్యాబ్‌ఇండియా స్థాపకుడు జాన్ బిస్సెల్ ఆవిడ దగ్గర సరుకు కొన్నారు. చప్పున అమ్ముడయ్యే గుడ్డ ఒకపక్క, నిదానంగా పుట్టే గుడ్డ ఇంకోపక్క. రెండింటినీ ఒకే ఖాతా పుస్తకంలో నడపగలిగారు కనకనే నాకు ఆవిడ కళాపోషకురాలి కంటే ముందు గట్టి వ్యాపారిగా కనిపిస్తారు.

1928లో పుట్టిన సురయ్యా 2021లో కన్నుమూశారు. అప్పటికి హిమ్రూ, మష్రూ, పైఠణీ నేయడం వచ్చిన ఆడవాళ్లు దర్గా బస్తీలో ఉన్నారు.