మాట మానుట అనే ఆయుధం

“ఒకనిని కోవెంట్రీకి పంపుట” అని ఇంగ్లీషులో ఒక పలుకుబడి ఉన్నది. దానికి ప్రయాణంతో నిమిత్తం లేదు. నలుగురు కూడబలుక్కొని ఒకనితో మాట మానివేయడమే దాని అర్థం. మనం “వెలివేయుట” అంటాము. ఇటువంటి రెండు మాటల చరిత్రను శ్రోతలకు మనవి చేయదలచాము.

కోవెంట్రీ ఇంగ్లండు నడుమనున్న పట్టణం. 1642లో రాజుకు, పార్లమెంటుకు యుద్ధం వచ్చినప్పుడు అది పార్లమెంటు పక్షాన నిలిచినది. బర్మింగ్‌హాం ప్రజలు రాజు సైనికుల చిన్న చిన్న గుంపులపై పడి, చిక్కినవారిని కోవెంట్రీకి ఖైదీలుగా పంపారని క్లారెండన్ ప్రభువు తన చరిత్ర గ్రంథంలో వ్రాశాడు. పలుకుబడి అక్కడనే పుట్టినదని కొందరు పండితుల ఊహ. ఋజువు లేదు గాని, శత్రువుల ఊరిలో పలకరించే దిక్కులేని ఖైదీని తలచుకుంటే ఆ ఊహ సహజమే అనిపిస్తుంది.

రెండవ మాటకు పుట్టిన ఊరు, ఏడు కూడ తెలుసును. అది “బాయ్‌కాట్”. 1880 సెప్టెంబరు 19న ఐర్లండులోని ఎన్నిస్ పట్టణంలో నాయకుడు పార్నెల్ రైతులకు ఒక హితవు చెప్పాడు. వెళ్ళగొట్టబడిన కౌలుదారుని భూమిని ఆశించి తీసుకున్నవానిని చంపడంకంటె, వీధిలోను, అంగడిలోను, దేవాలయంలోను పలకరించక విడిచిపెట్టడమే మేలన్నాడు. ఆ నెలలోనే మేయో మండలంలో ఎర్న్ ప్రభువు భూముల ఏజెంటైన కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ కౌలుదార్లను వెళ్ళగొట్టబూనాడు. కూలీలు పొలం విడిచారు. అంగడివారు సరుకు లేదన్నారు. ఉత్తరాలు తెచ్చే కుర్రవాడు సైతం రావడం మానాడు. చివరకు ఉత్తర మండలాలనుండి వచ్చిన సుమారు 50 మంది, సైనికుల కాపలాలో పంట తీశారు. కొన్ని వందల పౌన్ల పంటకై ప్రభుత్వానికి సుమారు 10,000 పౌన్లు ఖర్చయినది. డిసెంబరులో బాయ్‌కాట్ ఐర్లండు విడిచిపోయాడు. అతని పేరు మాత్రం నిఘంటువులో నిలిచిపోయినది.

బలవంతునిపై బలహీనులు చేతబట్టిన ఆయుధమిది. కాని దానికి రెండు వైపులా పదునే. సరిగా మరుసటి ఏడు, 1881 డిసెంబరు 11న, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించారు. పూర్వాచారపరులు ఆయనను, ఆయనకు తోడు నిలిచినవారిని వెలివేశారు. వంటవారు, నీళ్ళు మోసేవారు రావడానికి జంకారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే ఆ పనులన్నీ నెత్తిన వేసుకున్నారు. మేయో మండలపు కెప్టెనుకు కాపలాగా దండు వచ్చినది. గోదావరి ఒడ్డున ఆ దంపతులకు తమ ధైర్యమే కాపలా.

1907లో అదే రాజమహేంద్రవరానికి బిపిన్ చంద్ర పాల్ వచ్చి స్వదేశీని బోధించారు. విదేశీ వస్తువులను మానడానికి మనవారు వాడిన మాట “బహిష్కారం”. పావు శతాబ్దం క్రితం ఆ ఊరిలోనే సంస్కర్తల ఇళ్ళ తలుపులు మూయించిన మాట కూడ అదే.

మాట ఒక్కటే, ఆయుధం ఒక్కటే. ధర్మాధర్మాలు అందులో లేవు; ఎవరు, ఎవరిపై, ఎందుకు పట్టారన్న దానిలో ఉన్నవి. పదిమందితో కలిసి ఒక్కనితో మాట మానబోయే ముందు ఈ మూడు ప్రశ్నలు మనం వేసుకొనవలసినవే.