నేలపట్టు చెరువు: ఊరి నీళ్లు, గూడబాతుల కాపురం

సూళ్లూరుపేట దాటి జాతీయ రహదారి మీద నాయుడుపేట వైపు వెళ్తుంటే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు తగులుతుంది. నిన్నమొన్నటి వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన ఈ ఊరి పేరు పక్షులంటే ఇష్టమున్నవాళ్లందరికీ తెలుసు. ఏటా ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువు నిండగానే గూడబాతులు ఇక్కడికి చేరి, గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి. చెన్నై నుంచి, నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి జనం వాటిని చూడటానికి వస్తారు. వచ్చినవాళ్లలో చాలామంది ఇది మనిషి చెయ్యి పడని అడవి అనుకుంటారు. అలా అనుకోవడం వల్ల నష్టం ఉంది. వాళ్ల ఎదురుగా ఉన్నది కట్ట, తూము, కలుజు, ఆయకట్టు ఉన్న సాగునీటి చెరువు. ఊరు నిలబెట్టుకున్న చెరువు కాబట్టే పక్షులూ నిలిచాయి. అందుచేత ఇక్కడికి ఎవరు, ఎప్పుడు, ఎలా రావాలో నిర్ణయించేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న, చెరువు చెరువుగా పనిచేస్తోందా అన్నదే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఈ చెరువుకీ పక్షులకీ ఉన్న లంకె చూద్దాం. చెరువు లోపల కడప చెట్లు గుంపులుగా పెరిగాయి. నెలల తరబడి మొదళ్లు నీళ్లలో మునిగి ఉన్నా చావని చెట్లివి. గూడబాతులు వీటి కొమ్మల మీద పుల్లలు పేర్చి, ఒకదాని పక్కన ఒకటి ఇరుగ్గా గూళ్లు పెడతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్లకొంగలు, తెడ్డుమూతి కొంగలు కూడా ఆ గుంపులోనే సర్దుకుంటాయి. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని నెల రోజులు గుడ్లు పొదుగుతాయి. పిల్ల బయటికి వచ్చాక, అది తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి, సగం అరిగిన చేపను లాక్కుని తింటుంది. దూరదర్శినిలో చూస్తే తల్లిని మింగేస్తోందా అన్నంత గట్టిగా లాగుతుంది. పిల్లలకు రెక్కలొచ్చి ఎగరడానికి మరికొన్ని నెలలు కావాలి. అంతకాలమూ చెట్ల కింద నీళ్లు ఉండాలి. నీళ్లున్నంతవరకు నక్క, అడవిపిల్లి చెట్టు దాకా రాలేవు. చెరువు ముందే ఎండితే వాటికి దారి దొరుకుతుంది, గూళ్లు ఖాళీ అవుతాయి. వానలు ముఖం చాటేసిన ఏడాది గూడబాతులు ఇక్కడ కాపురమే పెట్టకపోవడానికి కారణం ఇదే. ఇక ఇటువైపు చూస్తే, వందల గూళ్ల నుంచి నెలల తరబడి రాలే రెట్ట ఆకులను తెల్లగా చేసి, నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు తూము గుండా పొలాలకు వెళ్తే వరికి ఎరువు పెట్టినట్టే. పక్షులకు చోటు, రైతుకు సత్తువ ఉన్న నీళ్లు: ఈ చెరువు మీద ఇద్దరూ బతికిన తీరు అది.

దీనికి ఎదురయ్యే మొదటి వాదన, పక్షులను కాపాడింది చట్టమే గాని ఊరు కాదన్నది. నేలపట్టును 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 458.92 హెక్టార్లు. అటవీశాఖ కాపలా, వేట మీద నిషేధం, చెట్ల పెంపకం వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. అయితే ప్రకటన వచ్చేనాటికే ఇక్కడ గూళ్లున్నాయి, ఉన్నాయి కాబట్టే ప్రకటించారు. కాగితం రాకముందు ఆ గూళ్ల మీద రాయి పడకుండా, గుడ్లు ఎత్తుకుపోకుండా ఉన్నదంటే, దాని వెనుక ఊరి ఓర్పూ ఊరి అవసరమూ ఉన్నాయి. ఇదే తీరంలో దక్షిణంగా, చెంగల్పట్టు ప్రాంతంలోని వేడంతాంగల్ చరిత్ర ఈ మాటకు బలమిస్తుంది. అక్కడి రైతులు తమ చెరువు మీది పక్షులను కాల్చవద్దని 18వ శతాబ్దం చివరిలోనే అప్పటి కలెక్టర్ లయొనెల్ ప్లేస్ దగ్గర హక్కు సంపాదించుకున్నారు. పక్షుల రెట్ట కలిసిన నీళ్లు పంటకు మంచివని వాళ్లకు తెలుసు. మనవైపే, కొల్లేరు పక్కన ఆరేడులో ఉన్న గూడబాతుల కాలనీ గురించి పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ 1949లో వివరంగా రాశారు. ఆ కాలనీ 1970ల నడిమికల్లా ఖాళీ అయిపోయింది. కొల్లేరుకు ఆ తర్వాత అభయారణ్యం హోదా వచ్చింది, 2002లో రామ్‌సర్ గుర్తింపూ వచ్చింది. పోయిన కాలనీ మాత్రం ఆ హోదాల వల్ల తిరిగి రాలేదు. చట్టం అవసరమే. ఊరి మనసు కూడా తోడుంటేనే అది నిలబడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. రెట్ట ఎరువు సంగతి పాతకాలపు మాట, ఇప్పుడు యూరియా బస్తా దుకాణంలో దొరుకుతుంది, ఇక రైతుకు పక్షితో పనేమిటి అని అడగవచ్చు. నిజమే, ఆ పాత లంకె పలచబడింది. పైగా రబీ పంట చివరి తడులకు నీళ్లు కావలసిన రోజులూ, గూళ్లలో పిల్లలు ఎదిగే రోజులూ దాదాపు ఒకటే. వానలు తక్కువైన ఏడాది తూము ఎత్తితే గూళ్లకు ముప్పు, ఎత్తకపోతే కంకి తాలుపోతుంది. ఈ చిక్కును దాచిపెట్టి, రైతూ పక్షీ అన్నదమ్ములని పాడుకుంటే లాభం లేదు. చేయాల్సింది చెరువు పనే. పూడిక తీసి లోతు నిలపాలి. అయితే కడప చెట్ల వేళ్లు కదలకుండా, గూళ్లు లేని వేసవిలోనే ఆ పని జరగాలి. చెరువులోకి నీళ్లు తెచ్చే వాగులూ కాలవలూ ఆక్రమణలకు గురికాకుండా చూడాలి. కట్ట బీటలు ఎప్పటికప్పుడు పూడ్చాలి. లోతున్న చెరువులో ఆఖరి తడికీ, చెట్ల కింద నిలవకీ కూడా నీళ్లు మిగులుతాయి. కరువు ఏడాది పక్షుల కోసం తూము మూయాల్సి వస్తే, ఆ నష్టాన్ని ఆయకట్టు రైతు ఒక్కడే మోయడం న్యాయం కాదు; పరిహారం ముందే రాసిపెట్టి ఉండాలి. చెరువు నిలవడానికి ఏమేమి కావాలో, ఏవి దోషాలో 1369 నాటి పోరుమామిళ్ల శాసనం వరసపెట్టి చెప్పింది. అంతటి లెక్క తెలిసిన నేల మనది. ఈ చెరువుకు మరో అక్కర జోడించి ఆ లెక్కను కొనసాగించడం మనకు చేతకాని పని కాదు.

నేలపట్టు హద్దు లోపల ఎంత చక్కగా చూసుకున్నా చాలదని కూడా ఒప్పుకోవాలి. గూడబాతు ఇల్లు ఇక్కడ, తిండి మాత్రం పులికాట్‌లో, చుట్టుపక్కల చెరువుల్లో. సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోని పులికాట్ ఉప్పునీటి సరస్సు మన రాష్ట్రంలోనూ తమిళనాడులోనూ విస్తరించి ఉంది. స్వర్ణముఖి, కాళంగి వంటి ఏర్లు తెచ్చే మంచినీళ్లూ, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీళ్లూ కలిస్తేనే అక్కడ చేప, రొయ్య పెరుగుతాయి. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోవడం అక్కడి జాలర్ల పాత గోడు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వేసిన రోడ్డు రాకెట్ కేంద్రానికి ప్రాణాధారం. రాజహంసలను (ఫ్లెమింగోలను) దగ్గరగా చూడటానికి మనకు దొరికిన దారి కూడా అదే. అదే రోడ్డు ఉత్తరపు నీళ్ల రాకపోకలకు అడ్డమవుతోందన్న ఆందోళనా ఉంది. రోడ్డును తీసేయమని ఎవరూ అనరు. దాని కింద నీళ్లు పారే దారులు పెంచమనీ, ముఖద్వారాల ఇసుక తీయించమనీ అడగడం సబబు. పులికాట్‌లో చేప తగ్గితే జాలరి ఇంట్లో కూడు తగ్గుతుంది, నేలపట్టులో గూళ్లూ తగ్గుతాయి. ఒక ఊరి చెరువును కాపాడటమంటే దానికి తిండి పెట్టే సరస్సును కూడా కాపాడటం.

ఇక సందర్శకుల సంగతి. పక్షుల మేలు కోరే కొందరు అసలు ఎవరినీ రానివ్వవద్దంటారు. పర్యాటకం పెంచాలనే కొందరు పడవలు, ఊయలలు, తినుబండారాల దుకాణాలు చెరువు గట్టు మీదికే తెమ్మంటారు. రెండు మాటలూ సరికావు. ఈ పక్షులు తరతరాలుగా నాగళ్లు, బళ్లు, ట్రాక్టర్లు తిరిగే ఊరి పక్కనే గూళ్లు పెట్టాయి. దూరంగా, నెమ్మదిగా కదిలే మనిషిని చూసి బెదరవు. గూటి దగ్గరికి చొరబడితే, కేకలేస్తే, నెత్తిన డ్రోన్ తిరిగితే మాత్రం తల్లి లేచిపోతుంది. అప్పుడు గుడ్డు ఎండకు, పిల్ల కాకికి బలవుతాయి. కాబట్టి కావలసింది దూరం, నిశ్శబ్దం. కాపలా బురుజు మీద నుంచి దూరదర్శినితో చూడటం ఆ రెంటికీ సరిపోతుంది. సూళ్లూరుపేట కేంద్రంగా 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్‌ను కూడా ఇదే కొలతతో చూడాలి. చలికాలంలో, అంటే గూళ్ల కాలంలో జరిగే పండుగ అది. కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో మళ్లీ జరిపినప్పుడు వేదికలను పలు చోట్లకు పంచారు. ఆ పంపకంలో తెలివి ఉంది: పాటలు, ఆటలు, దుకాణాలు సూళ్లూరుపేట మైదానంలో, పడవ షికారు పులికాట్ ఒడ్డున భీమునివారిపాళెంలో, అదీ రాజహంసలు మేసే చోటికి దూరంగా, నేలపట్టులో మాత్రం చూపు ఒక్కటే ఉండాలి. రాజహంస గూడు పెట్టేది మన దగ్గర కాదు, దూరాన కచ్ రణ్‌లో. ఇక్కడికి అది మేతకే వస్తుంది. తల కిందులు చేసి, ముక్కును బురదనీటిలో ముంచి, నీటిని వడగట్టి తింటుంది. మాటిమాటికీ లేపితే ఆ మేత కాస్తా దక్కదు. గూటికి ఒక నియమం, మేతకు మరో నియమం కావాలి.

సందర్శకులను పూర్తిగా ఆపేస్తే ఇంకో నష్టం ఉంది. పక్షిని కళ్లారా చూసిన బడిపిల్లలే రేపు ఈ చెరువు పూడిపోతుంటే అడిగే పెద్దలవుతారు. ఎరువుతో ముడిపడ్డ పాత లంకె పలచబడిన చోట కొత్త లంకె ఒకటి కావాలి, దాన్ని సందర్శకులే తేగలరు. అయితే వాళ్లు పెట్టే ఖర్చు ఊరికి చేరాలి. టికెట్ డబ్బులో కొంత భాగం కట్ట మరమ్మతుకూ పూడికతీతకూ కేటాయించాలి. పక్షులను పేరుపేరునా చెప్పగల స్థానిక యువతకు, పులికాట్ నీళ్లు పుట్టినప్పటి నుంచీ ఎరిగిన యానాదులకు, జాలర్లకు దారి చూపే పని దొరకాలి. చెత్త మోసుకెళ్లే బాధ్యత వచ్చినవాళ్లదే కావాలి. అప్పుడు ఆయకట్టు రైతుకు గూడబాతు మళ్లీ అక్కరకొచ్చే పక్షి అవుతుంది. నేలపట్టుకు వచ్చేవాళ్లు ఇంకా ఎక్కువమంది కావాలని నా కోరిక. వచ్చే ప్రతి మనిషి వల్లా చెరువుకు కొంత బలం చేరాలన్నది నా షరతు. ఈ షరతును పంచాయతీ, నీటిపారుదల శాఖ, అటవీశాఖ, పర్యాటక శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చుని రాసుకోవాలి. ఆ రాత రాసే రోజున ఆయకట్టు రైతుకూ పులికాట్ జాలరికీ ఆ బల్ల దగ్గర కుర్చీ ఉండి తీరాలి.