నడుస్తూనే మూగబోయిన మెషిన్

కేవీఎం సర్వర్లు నడిపేవాళ్ళను చాన్నాళ్ళుగా వేధించిన చిక్కుముడి ఇది. ఒక హోస్ట్ మీద నడుస్తున్న వర్చువల్ మెషిన్‌ను ఆపకుండానే పక్క హోస్ట్‌కి తరలిస్తారు. తరలింపు పూర్తయిందని లాగ్‌లో ఉంటుంది. విర్ష్ కమాండ్‌తో చూస్తే ‘రన్నింగ్’. కన్సోల్ తెరిస్తే లాగిన్ ప్రాంప్ట్ వస్తుంది, సీపీయూ గ్రాఫ్ ఎప్పటిలాగే ఉంటుంది. వాడేవాళ్ళకు మాత్రం ఆ మెషిన్ లేదు. పింగ్‌కి జవాబు రాదు. ఎవరూ ముట్టుకోకపోతే, మహా అయితే ఐదు నిమిషాలకు, దానంతటదే మళ్ళీ పలుకుతుంది.

కంగారుపడి రీబూట్ చేశారా, ఆధారాలన్నీ పోయినట్టే. ఆ కొద్ది నిమిషాల్లోనే వెతకాలి.

అందరి అనుమానం ముందు తరలింపు మీదకే పోతుంది. మెషిన్ నడుస్తుండగానే మెమరీ పేజీలన్నీ అవతలికి కాపీ చేస్తారు. ఈలోగా మారిన పేజీలను మళ్ళీ పంపుతారు, వాటిలో మారినవాటిని మళ్ళీ. మిగిలింది కాస్తే అనుకున్నాక ఒక్క క్షణం ఆపి, ఆ కాస్తా పంపి, అవతల లేపుతారు. ఈ ఆలోచన 1985లోనే స్టాన్‌ఫర్డ్ వీ సిస్టమ్‌లో ప్రోసెస్‌ల కోసం పుట్టింది. దాన్నే 2005లో కేంబ్రిడ్జ్, కోపెన్‌హాగెన్ పరిశోధకులు జెన్ హైపర్‌వైజర్ మీద మొత్తం మెషిన్లకు చేసి చూపించారు. ఆట సాగుతున్న క్వేక్ 3 సర్వర్‌ను తరలిస్తే అది ఆగింది 60 మిల్లీసెకన్లే. మిల్లీసెకన్ల పనిలో ఐదు నిమిషాల మౌనానికి చోటెక్కడిది? పైగా కన్సోల్లో మెషిన్ చక్కగా పనిచేస్తూనే ఉంది. తరలింపు నిర్దోషి.

రెండో ఆధారం కొత్త హోస్ట్ దగ్గరే దొరుకుతుంది. అక్కడినుంచి పింగ్ చేస్తే మెషిన్ పలుకుతుంది. అంటే దాని నెట్‌వర్క్ కార్డు బాగానే ఉంది, తప్పు ఇంకాస్త బయట ఉంది. ఇక కన్సోల్లోకి వెళ్ళి మెషిన్ చేతనే గేట్‌వేకి ఒక పింగ్ కొట్టించండి. ఆ ఒక్క ప్యాకెట్ బయటికి వెళ్ళగానే ఊరంతటికీ అది కనిపిస్తుంది. నాకు ఈ కేసులో అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం ఇదే. బయటివాళ్ళు ఎంత పిలిచినా పలకనిది, తాను ఒక్క మాట మాట్లాడగానే అందరికీ దొరికింది. తనంతట తాను తరచూ బయటికి మాట్లాడే మెషిన్లు ఈ జబ్బు నుంచి త్వరగా తేరుకోవడానికీ ఇదే కారణం. ఎవరైనా అడిగితే తప్ప నోరు విప్పనివే దొరికిపోతాయి.

ఇప్పుడు పాత హోస్ట్ దగ్గరికి వెళ్ళి, దాని ఫిజికల్ కార్డు మీద, వచ్చేపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెట్టాలి. వెళ్ళిపోయిన మెషిన్ కోసం వచ్చే ప్యాకెట్లన్నీ అక్కడే దిగుతుంటాయి! స్విచ్ ఇంకా పాత ఇంటి తలుపే తడుతోంది. ఏ మ్యాక్ అడ్రస్ ఏ పోర్టు వైపు ఉందో స్విచ్ తన పట్టికలో రాసుకుంటుంది. ఆ అడ్రస్ నుంచి కొత్తగా ఏమీ రాకపోతే ఆ ఎంట్రీని చాలా స్విచ్‌లు 300 సెకన్లు ఉంచుకుంటాయి. ఐదు నిమిషాల లెక్క తేలింది.

కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. ఇలా జరుగుతుందని తరలింపు రాసినవాళ్ళకు తెలియదా? తెలుసు. 2005 నాటి పద్ధతిలోనే, చేరిన వెంటనే కొత్త చోటును చాటింపు వేసే ఏర్పాటు ఉంది. కేవీఎంతో కలిసి మెషిన్‌ను నడిపే క్యూఎము కూడా దాని తరఫున ఐదు ఆర్‌ఏఆర్‌పీ ప్యాకెట్లు పంపుతుంది, అన్నీ దాదాపు ఒక సెకను లోపలే. మరి ఆ ఐదూ ఏమయ్యాయి?

ఇక్కడ దారి చూపేది ఒక వింత. 2 జీబీ మెషిన్ తరలిస్తే మూగబోతుంది, మెమరీ నిండా వాడుతున్న 64 జీబీ మెషిన్ ఏ ఇబ్బందీ లేకుండా చేరుతుంది. 10 గిగాబిట్ లింకును పూర్తిగా వాడుకుంటే చిన్నది రెండు మూడు సెకన్లలో దాటేస్తుంది, పెద్దదానికి నిమిషం దాకా పడుతుంది. అంటే కొత్త హోస్ట్‌లో ఏదో ఒకటి సిద్ధం కావడానికి సమయం తీసుకుంటోంది. పెద్ద మెషిన్ చేరేసరికి అది సిద్ధమైపోతుంది.

చిన్న మెషిన్ తరలిస్తూ, దాని ట్యాప్ (మెషిన్‌ను హోస్ట్‌కి కలిపే వర్చువల్ పోర్టు) మీదా ఫిజికల్ కార్డు మీదా ఒకేసారి టీసీపీడంప్ నడిపితే దొంగ దొరుకుతాడు. ట్యాప్ మీద ఐదు ప్యాకెట్లూ కనిపిస్తాయి, కార్డు మీద ఒక్కటీ ఉండదు. రెండింటి మధ్యా ఉన్నది లైనక్స్ బ్రిడ్జి. తరలింపు మొదలవగానే బ్రిడ్జికి కొత్త ట్యాప్ పోర్టు తగులుతుంది. కొత్త పోర్టును తెరిచేముందు బ్రిడ్జి ఆగే సమయం, ఫార్వర్డ్ డిలే, డీఫాల్ట్‌గా 15 సెకన్లు. పాత కెర్నళ్ళలో స్పానింగ్ ట్రీ ఆపేసి ఉన్నా సరే, ఆ 15 సెకన్లూ పోర్టు ‘లెర్నింగ్’ స్థితిలోనే ఉండేది. ఆ స్థితిలో వచ్చినవాళ్ళ అడ్రస్ తాను రాసుకుంటుంది, వాళ్ళ మాట మాత్రం దాటనివ్వదు. స్పానింగ్ ట్రీ నడుస్తుంటే ఇప్పటికీ నిరీక్షణ 30 సెకన్లు.

ఆ నిరీక్షణ తెలివితక్కువ పనేమీ కాదు. నెట్‌వర్క్‌లో లూపు పడితే ప్యాకెట్లు తిరుగుతూ తిరుగుతూ అంతా ముంచేస్తాయి. దాన్ని నివారించే స్పానింగ్ ట్రీ పద్ధతిని డెక్ సంస్థలో రేడియా పెర్ల్‌మన్ రూపొందించి ప్రచురించింది కూడా 1985లోనే. వైర్లు గుచ్చి ఏళ్ళ తరబడి కదపని పోర్టుల లోకంలో 15 సెకన్లు ఒక లెక్క కాదు. క్షణాల్లో పుట్టే ట్యాప్ పోర్టుకు అది చాలా ఎక్కువ.

మానిటరింగ్ ఇన్నాళ్ళూ దీన్ని ఎందుకు పట్టుకోలేదో కూడా ఇప్పుడు తెలుస్తుంది. హోస్ట్ మీది ఏజెంట్ హైపర్‌వైజర్‌ను అడుగుతుంది, హైపర్‌వైజర్ నిజమే చెబుతుంది. అబద్ధం స్విచ్ పట్టికలో ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు. అదే సబ్‌నెట్‌లోని మెషిన్ నుంచి తనిఖీ పెట్టినా చాలదు. దాని ఏఆర్‌పీ ఎంట్రీ పాతబడగానే అది బ్రాడ్‌కాస్ట్ వేస్తుంది, మూగ మెషిన్ జవాబిస్తుంది, ఆ జవాబుతో స్విచ్ పట్టిక సరైపోతుంది. చూడబోయిన కన్నే సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. అందుకే రూటర్ అవతలి నుంచి, తరలింపు పూర్తయిన క్షణం నుంచే, సెకనుకొక పింగ్ నమోదు చేయాలి.

బ్రిడ్జిలో స్పానింగ్ ట్రీ అక్కర్లేకపోతే దాన్ని ఆపేసి ఫార్వర్డ్ డిలేను 0 చేస్తే చాలు. లూపుకు నిజంగా అవకాశం ఉంటే స్పానింగ్ ట్రీని ఉంచాల్సిందే, అప్పుడు 0 పెట్టబోతే కెర్నల్ ఒప్పుకోదు, కనీసం 2 సెకన్లు అంటుంది. అలాంటిచోట క్యూఎము 4.0 నుంచి వచ్చిన సెట్టింగులతో చాటింపుల సంఖ్యనూ వాటి మధ్య విరామాన్నీ పెంచి, పోర్టు తెరుచుకున్నాక కూడా కొన్ని వెళ్ళేలా చూడాలి.