ఎల్ కాండోర్

నెదర్లాండ్స్‌లోని ఫ్లేవోలాండ్ ప్రాంతంలో, బిడ్డింగ్‌హౌజెన్ సమీపాన ఉన్న వాలిబి హాలండ్ పార్కులో 1994లో ప్రారంభమైన ఉక్కు రోలర్ కోస్టర్ ఎల్ కాండోర్. డచ్ సంస్థ వెకోమా తయారుచేసిన ‘సస్పెండెడ్ లూపింగ్ కోస్టర్’ నమూనాలో ఇది మొట్టమొదటిది. ఆనాటికి పార్కు పేరు వాలిబి ఫ్లేవో.

పట్టాల కింద వేలాడే బండ్లు అంతకుముందూ ఉన్నాయి. 1981లో అమెరికాలోని కింగ్స్ ఐలాండ్‌లో యారో సంస్థ నిర్మించిన ‘ద బ్యాట్’ బండ్లు మలుపుల్లో పక్కలకు ఊగేవి, తలకిందులయ్యేవి కావు. పట్టాల కింద, ఊగకుండా బిగించిన ఆసనాలతో తలకిందులయ్యే తొలి కోస్టర్‌ను 1992లో స్విస్ సంస్థ బోలిగర్ అండ్ మాబియార్ సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అమెరికాలో నెలకొల్పింది. దాని పేరు ‘బ్యాట్‌మన్: ద రైడ్’. వెకోమా నమూనా ఈ రెండో కోవకు చెందినది.

ఎల్ కాండోర్ ఎత్తు సుమారు 31 మీటర్లు, పట్టాల పొడవు 662 మీటర్లు, గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ప్రయాణికులు వరుసకు ఇద్దరు చొప్పున, కాళ్ల కింద నేల లేకుండా కూర్చుంటారు. గొలుసు బండిని శిఖరానికి లాగి వదిలాక, మిగతా దారంతా భూమ్యాకర్షణ బలంతోనే సాగుతుంది. బండి ఐదుసార్లు తలకిందులవుతుంది: రోల్‌ఓవర్ అనే విన్యాసంలో రెండుసార్లు, సైడ్‌వైండర్ అనే మరో విన్యాసంలో ఒకసారి, పట్టాల అక్షం చుట్టూ వరుసగా తిరిగే జంట మెలికలో రెండుసార్లు.

తక్కువ స్థలంలో ఇన్ని విన్యాసాలు ఇమడడంతో ఈ నమూనా అనేక దేశాలకు వ్యాపించింది. ఈ నమూనా కోస్టర్లలో ఎక్కువ భాగం 689 మీటర్ల పట్టాల రకానివి. భుజాలపై దిగే గట్టి కమ్మీలకు తల తగలడం ఈ నమూనా ప్రధాన లోపం. తరువాతి కాలపు బండ్లలో వాటి స్థానంలో మెత్తని చొక్కా తరహా కట్లు వచ్చాయి.